సవరణ: బ్లాస్టింగ్‌కు ఇసుక వద్దు, ట్యాంకు సైజు కొలమానం కాదు

ఇంట్లో కారు విడిభాగాలకు పట్టిన తుప్పు, పాత పెయింటు వదిలించడానికి గాలి ఒత్తిడితో గట్టి రేణువులను చిమ్మే బ్లాస్టింగ్ సామగ్రి గురించి ఇంతకుముందు రాసినప్పుడు, మాస్కు కట్టుకుంటే జల్లించిన మామూలు ఇసుక సరిపోతుందనీ, గాలిని కుదించి అందించే కంప్రెసర్‌కు ట్యాంకు పెద్దదైతే చాలనీ చెప్పాను. ఆ రెండు మాటలూ తప్పు.

ఇసుక సంగతి ప్రాణానికి సంబంధించినది. రేణువు లోహానికి తగిలి పగిలినప్పుడు కంటికి కనిపించనంత సన్నని సిలికా ధూళి లేచి, ఊపిరితిత్తుల్లో చేరి, సిలికోసిస్ అనే నయం కాని జబ్బు తెస్తుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. కర్మాగారాల్లో ఈ పనికి ఇసుక వాడకాన్ని బ్రిటన్ 1949లోనే నిషేధించింది. నా మాట నమ్మి ఇసుక తెచ్చుకున్నవారు దయచేసి దాన్ని వాడకండి. ఉక్కు భాగాలకు గార్నెట్ అనే గట్టి ఖనిజపు రేణువులు గానీ అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు గానీ, మెత్తని అల్యూమినియం భాగాలకు తక్కువ పీడనంలో గాజు పూసలు గానీ వాడాలి. వీటితోనూ మూసిన క్యాబినెట్, ధూళిని లాగే ఏర్పాటు, సరైన రెస్పిరేటర్ (సన్నని ధూళిని వడకట్టే ముఖకవచం) తప్పనిసరి.

ఇక కంప్రెసర్‌లో చూడవలసింది అది నిమిషానికి నిలకడగా ఇచ్చే గాలి. 3 మిల్లీమీటర్ల నాజిల్‌కు, అంటే ధార వచ్చే మూతికి, 90 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 90 పౌండ్ల పీడనం) వద్ద నిమిషానికి సుమారు 20 ఘనపుటడుగుల గాలి కావాలి. 2 హార్స్‌పవర్ యంత్రం అందులో సగం కూడా ఇవ్వలేదు. ట్యాంకు ఎంత పెద్దదైనా, అరచేయంత తుప్పు వదలకముందే గేజి ముల్లు పడిపోయి ధార నీరసిస్తుంది.

చమురు దారులున్న ఇంజిన్ భాగాలను మాత్రం బ్లాస్టింగ్ చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే లోపల మిగిలిన ఒక్క పూస బేరింగును గీరేయగలదు.