నొప్పుల్లో జ్వరం: బిడ్డ సంగతి సరే, తల్లి సంగతి?

కాన్పు మీద జరిగే చర్చ ఎక్కడ మొదలైనా కోత దగ్గరికే వచ్చి ఆగుతుంది. సిజేరియన్లు 10 నుంచి 15 శాతం దాటడానికి ఏ ప్రాంతంలోనూ సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పింది. అప్పటి నుంచి ఆసుపత్రుల మంచిచెడ్డలు తేల్చడానికి అందరికీ ఆ ఒక్క అంకె దొరికింది. అనవసరపు కోతలు తగ్గాలి, అందులో వాదన లేదు. అయితే కోత తప్పిన తల్లి క్షేమంగా ఉందని ఎవరు తేల్చారు? మామూలు కాన్పు అయిందనగానే కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది, ఆసుపత్రి తన ఖాతాలో ఒక విజయం రాసుకుంటుంది. నొప్పులు పడిన గంటల్లో ఆ తల్లి ఒళ్లు ఎంత కాలింది, తర్వాత ఎంత రక్తం పోయింది, చిరుగు ఎంత లోతుకు వెళ్లింది అన్నవి ఎవరి లెక్కలోకీ రావు.

నొప్పుల మధ్యలో వచ్చే జ్వరాన్నే తీసుకోండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే జ్వరం కిందే లెక్క. దాన్ని ఎంత శ్రద్ధగా చూస్తున్నామో తెలియాలంటే కేస్ షీటులో ఉష్ణోగ్రత వరుస చూస్తే చాలు. నిర్లక్ష్యం జరిగిన చోట అది ఇలా ఉంటుంది: ఉదయం ఆరింటికి 37. పదింటికి 37. మధ్యాహ్నం రెండింటికీ అచ్చంగా అదే 37, అదే సిరా, అదే వాలు. వేర్వేరు వేళల్లో చూసి రాసినట్లు ఉండదు, ఒకే ఊపులో కూర్చుని నింపినట్లు ఉంటుంది. సాయంత్రం ఆరింటికి హఠాత్తుగా 38.4. పక్కన పారాసెటమాల్ ఇచ్చినట్లు ఒక గీత. నాడి గడి ఖాళీ, శ్వాస గడి ఖాళీ. అరగంట ఆగి మళ్లీ చూశారా అంటే ఆ జాడే లేదు.

ఇది పేద దేశాల జబ్బు అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో తల్లుల మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో వెలువడిన నివేదిక, చనిపోయిన వారిలో దాదాపు నాలుగోవంతు మందికి సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలను దెబ్బతీసే స్థితి, ఉందని తేల్చింది. అది అడిగింది కొత్త యంత్రాలను కాదు. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు వేళకు చూడమంది, చూసినదాన్ని పట్టించుకోమంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉమ్మనీటిలో, దాని పొరల్లో సూక్ష్మజీవులు చేరితే ఆ వాపు గర్భసంచి కండరానికీ పాకుతుంది. వాచిన కండరం సరిగ్గా బిగుసుకోదు. నొప్పులు సాగుతాయి, గర్భసంచిని బిగించే మందైన ఆక్సిటోసిన్ మోతాదు పెంచుతారు, గంటల తరబడి ఆ మందు ఎక్కించుకున్న కండరం చివరికి దానికీ సరిగ్గా పలకదు. ఇదంతా బిడ్డ పుట్టక ముందు. బిడ్డ పుట్టి మాయ విడిపోయాక, అక్కడ నోరు తెరుచుకుని ఉన్న రక్తనాళాలను మూసేది ప్రధానంగా గర్భసంచి ముడుచుకోవడమే. అప్పటికే అలిసి వాచి ఉన్న కండరం మీదే ఆ భారం పడుతుంది. నొప్పుల్లో ఇన్‌ఫెక్షన్ సోకిన తల్లుల్లో కాన్పు తర్వాతి రక్తస్రావం ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. మనం మాత్రం జ్వరాన్ని జ్వరంగానే చదువుతున్నాం, గోలీ వేసి దింపుతున్నాం. నా దృష్టిలో అది మరికొద్ది గంటల్లో ముంచుకు రాగల రక్తస్రావానికి ముందస్తు కబురు. 38.4 అని రాసిన చేయి ఆ వెంటనే రక్తం సిద్ధంగా ఉందా, సెలైన్ లైను సరిగ్గా ఉందా అని కూడా చూసుకోవాలి.

పైగా జ్వరం వచ్చే కాన్పు చాలాసార్లు సుదీర్ఘమైన కాన్పు. తొలిచూలు, ఎప్పుడో పగిలిన ఉమ్మనీటి సంచి, పదేపదే లోపలి పరీక్షలు. చివరికి తల్లికి ముక్కే శక్తి ఉండదు, బిడ్డను బయటికి లాగే పరికరం, ఫోర్సెప్సో వాక్యూమో వస్తుంది. దానితో మలద్వార కండరం దాకా చిరిగే ప్రమాదం పెరుగుతుంది, కుట్లకు చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది. బ్రిటన్‌లో 3 వేల మందికి పైగా తల్లులపై జరిగి 2019లో వెలువడిన ఆనోడ్ అధ్యయనంలో, పరికరాలతో కాన్పు అయిన వారిలో యాంటీబయాటిక్ అందని బృందంలో 19 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ సోకినట్లు తేలింది. కాన్పు కాగానే ఒక్క మోతాదు ఇస్తే అది 11 శాతానికి దిగింది. కోత తప్పింది కదా అని సంబరపడే చోటే ఇంత నష్టం దాగి ఉంది.

ఎదుటివారి వాదన ఒకటుంది, అందులో పస లేకపోలేదు. నొప్పి తెలియకుండా వెన్నులోకి ఇచ్చే మత్తుమందు, ఎపిడ్యూరల్, తీసుకున్న వారిలో ఐదోవంతుకు అటూ ఇటూగా జ్వరం వస్తుంది, అందులో ఎక్కువ భాగం సూక్ష్మజీవుల వల్ల కాదు, ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చినా అది ఆగదు. అలాంటి ప్రతి తల్లికీ మందులు గుప్పిస్తే సూక్ష్మజీవులు మొండికేస్తాయి, ఏ జబ్బూ లేని బిడ్డను తల్లి నుంచి వేరుచేసి పరీక్షల పాలు చేస్తారు. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికే అమెరికా నిపుణులు 2015లో సమావేశమై నిర్వచనాలు తిరగరాశారు. ఆ దారిలోనే ఇప్పుడు 39 డిగ్రీలు ఒక్కసారి వచ్చినా, లేదా 38కి, 39కి మధ్య ఉండి తెల్లరక్తకణాలు పెరగడం, బిడ్డ గుండె వేగం హెచ్చడం, గర్భాశయ ముఖద్వారం నుంచి చీము కారడం వంటి గుర్తు తోడైనా ఇన్‌ఫెక్షన్‌గా అనుమానించి చికిత్స మొదలుపెడతారు.

మంచిదే. కానీ ఈ వాదన ఆసుపత్రి వరండాలోకి వచ్చేసరికి రూపం మార్చుకుంటుంది. ఎపిడ్యూరల్ జ్వరంలే, ఏం కాదు అన్న భరోసాగా మారుతుంది. ఆ భరోసా ఇచ్చే వారెవరూ మంచం పక్కన నిలబడి రెండింటినీ విడదీసి చెప్పలేరు. అసలు విడదీయవలసిన అవసరం ఎంత? సూక్ష్మజీవుల వల్ల వచ్చినా, వాటితో పనిలేని వాపు వల్ల వచ్చినా, జ్వరం వచ్చిన తల్లికి చేయవలసిన కనీస పనులు మారవు: అరగంటకు మళ్లీ ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు, లోపలి పరీక్షల్లో పొదుపు, రక్తస్రావానికి ముందు జాగ్రత్త. కారణం తేలేదాకా వాదించుకోండి, చూడటం మాత్రం ఆపకండి. జ్వరమే లేకుండా, ఒక్కోసారి ఒళ్లు చల్లబడి కూడా సెప్సిస్ వస్తుందని గుర్తుంచుకుంటే నాడి గడి ఖాళీగా వదలడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ఈ విద్యలో పెద్ద మలుపులు కొలతల నుంచే వచ్చాయి. 1846లో వియన్నా ఆసుపత్రిలో వైద్య విద్యార్థుల వార్డులో 11.4 శాతం తల్లులు చనిపోతే, మంత్రసానుల శిక్షణ వార్డులో 2.8 శాతం చనిపోయారు. అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్ తోటి వైద్యులు, విద్యార్థుల చేత చేతులు కడిగించడానికి ముందు అతని ఎదుట ఉన్నది ఆ పద్దు పుస్తకమే. 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనంలోనూ మొదటి మెట్టు కొలతే. నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి, పోయిన రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలిచారు, హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయడం, దాని వల్ల మరణం, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. అదే ఏడాది ఏడు దేశాల్లో జరిగిన మరో అధ్యయనంలో, నొప్పుల్లో ఒక్కసారి రెండు గ్రాముల అజిత్రోమైసిన్ మింగించినప్పుడు తల్లుల్లో సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. చచ్చిపుట్టడం, నవజాత శిశువుల సెప్సిస్, మరణం మాత్రం తగ్గలేదు. బిడ్డకు ఉపయోగం లేదు కాబట్టి ఆ మందు ఎందుకు అనే వారికి నా సమాధానం ఒక్కటే: తల్లికి ఉపయోగం ఉంది, అది చాలదా?

ఇంతకూ ఈ కొలిచే పని ఎవరిది? నర్సుది. ఒకేసారి ఎంతమందినో చూసుకుంటూ, నాలుగు గంటలకోసారి ప్రతి ఒక్కరి ఒళ్లూ చూసి రాయవలసింది ఆమె. కోత కోసిన చేతికి రుసుము ఉంది, పేరు ఉంది, బోర్డు ఉంది. ఒక జ్వరాన్ని వేళకు పట్టుకుని ఒక రక్తస్రావాన్ని ఆపిన చేతికి ఏమీ లేదు, ఎందుకంటే జరగనిదానికి బిల్లు వేయలేరు. మన వైద్య వ్యవస్థలు చికిత్సకు డబ్బిస్తాయి, కాపలాకు ఇవ్వవు. మూడు గడుల్లో ఒకే 37 రాసిన నర్సును సస్పెండ్ చేయడం తేలిక. ఆమె పక్కన ఇంకో నర్సును నియమించమంటే మాత్రం ఖజానా గుర్తొస్తుంది.

కోతల శాతం ప్రకటించే ప్రతి ఆసుపత్రీ దాని పక్కనే మరో మూడు అంకెలు పెట్టాలి. ఎందరు తల్లులకు వేళ ప్రకారం ఉష్ణోగ్రత, నాడి చూశారు? ఇన్‌ఫెక్షన్ అనుమానం వచ్చిన ఎందరికి గంటలోపు మందు అందింది? ఎందరికి కాన్పులో పోయిన రక్తాన్ని కొలిచారు? వీటితో పాటు, నొప్పుల్లో జ్వరం వచ్చిన బాలింతను ఇరవై నాలుగు గంటలు నిండాయి కదా అని మిగిలిన వారితో కలిపి పంపేయకూడదు. గర్భసంచి ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు ఇంటికి వెళ్లాకే బయటపడుతుంది. అందుకే డిశ్చార్జి చీటీ మీద వచ్చే పది రోజులకూ ఏం చూసుకోవాలో, ఏ ఫోను నంబరుకు చెప్పాలో రాసి మరీ పంపాలి.