లింకులు తెగేది రిలేటివ్ వల్ల కాదు, ముందున్న స్లాష్ వల్ల

"రివర్స్ ప్రాక్సీ వెనక యాప్ పెడితే రిలేటివ్ లింకులు పనిచేయవు, అన్నీ పూర్తి అడ్రస్‌తోనే రాయండి, మిగతాది ప్రాక్సీ చూసుకుంటుంది." ఈ మెసేజ్ మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, నాకే నాలుగుసార్లు వచ్చింది. (రివర్స్ ప్రాక్సీ అంటే యాప్ ముందు నిలబడి, వచ్చిన రిక్వెస్ట్‌ను వెనకున్న అసలు సర్వర్‌కు అందించేది; రిలేటివ్ లింకు అంటే డొమైన్ పేరు లేకుండా రాసినది.) ఆ మెసేజ్‌లోని మూడు ముక్కలూ తప్పే.

మొదటిది, "రిలేటివ్ పనిచేయదు". ఏ రిలేటివ్ బాబూ? స్లాష్ లేని 'బిల్లు' వేరు, స్లాష్‌తో మొదలయ్యే '/బిల్లు' వేరు. ఆర్‌ఎఫ్‌సీ 3986 (వెబ్ అడ్రస్‌ల రూల్స్ రాసిన పత్రం) రెండింటినీ రిలేటివ్ కిందే లెక్కేస్తుంది, గందరగోళమంతా అక్కడే. ఒకటి "ఇక్కణ్ణుంచి రెండో సందు", ఇంకోటి "టవర్ క్లాక్ నుంచి రెండో సందు". యాప్‌ను '/మండీ/' కిందికి మార్చిన రోజు తెగేది రెండోదే, ఎందుకంటే బ్రౌజర్ దాన్ని డొమైన్ మొదటి నుంచి వెతుకుతుంది, మండీ సంగతి దానికి తెలియదు. మొదటిది బతుకుతుంది, కాకపోతే అడ్రస్ చివర స్లాష్ ఉండాలి: '/మండీ' అని తెరిస్తే 'బిల్లు' కూడా బయటికి జారిపోతుంది.

రెండోది, "పూర్తి అడ్రస్ సేఫ్". ఇది నేను అనుభవించాను. ఒక చెనక్కాయల మండీకి బిల్లింగ్ యాప్ పెట్టి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే రివర్స్ ప్రాక్సీ నిలబెట్టి, నా లాప్‌టాప్‌లో చూసుకుని హాయిగా పడుకున్నా. పొద్దున్నే ఫోన్: "అన్నా, లాగిన్ అయితానే ఏందో నూటిరవై ఏడు సున్నా సున్నా అని వస్తాంది." మరి రాదా? ఎన్‌జిన్‌ఎక్స్ మనం చెప్పకపోతే హోస్ట్ హెడర్‌లో (రిక్వెస్ట్ ఏ సైట్‌కో చెప్పే లైను) వెనక సర్వర్ పేరే పంపుతుంది, యాప్ పాపం దాన్నే నమ్మి ప్రతి లింకూ 127.0.0.1:8080 అని కట్టింది. 127.0.0.1 అంటే ఎవరి మెషిన్‌లో తెరిస్తే ఆ మెషినే. నా లాప్‌టాప్‌లో ఆ పోర్టులో యాప్ నడుస్తోంది కాబట్టి నాకు తేడా కనపడలేదు. పోనీ అసలు డొమైనే కోడ్‌లో రాసేద్దామా? అప్పుడు టెస్ట్ సర్వర్‌లో నొక్కిన లింకు తిన్నగా అసలు బిల్లుల్లోకి పోతుంది. అది ఇంకో టెన్షన్.

మూడోది, "ప్రాక్సీ చూసుకుంటుంది". ఎన్‌జిన్‌ఎక్స్‌లోని 'ప్రాక్సీ రీడైరెక్ట్' సెట్టింగ్ సరిచేసేది లొకేషన్, రిఫ్రెష్ హెడర్లను (బ్రౌజర్‌ను ఇంకో పేజీకి మళ్ళించే లైన్లు) మాత్రమే, పేజీలోని హెచ్‌టీఎంఎల్‌ను ముట్టుకోదు. సబ్ ఫిల్టర్ (పేజీలోని మాటల్ని మార్చే సెట్టింగ్) పెట్టి మార్చొచ్చు, కానీ వెనక సర్వర్ జిజిప్ చేసి (అంటే కుదించి) పంపితే అదీ గుడ్డిదే. కుకీ ఏ అడ్రస్ కింద పనిచేయాలో చెప్పే కుకీ పాత్‌కు మళ్ళీ వేరే లైను రాయాలి.

"రీడైరెక్ట్‌కు పూర్తి అడ్రస్ తప్పనిసరి" అని కూడా అంటుంటారు, అది 1999 నాటి మాట, 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7231 (హెచ్‌టీటీపీ రూల్స్ పత్రం)తోనే పోయింది.

అయితే పూర్తి అడ్రస్ కావాల్సిన చోట్లు లేకపోలేదు. మెయిల్‌లో పంపే పాస్‌వర్డ్ రీసెట్ లింకు, సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజిన్లకిచ్చే పేజీల జాబితా), పేమెంట్ అయ్యాక తిరిగొచ్చే అడ్రస్. వీటికి డొమైన్‌ను కాన్ఫిగ్‌లోంచి (మనం రాసిపెట్టుకున్న సెట్టింగుల్లోంచి) తీసుకోండి, వచ్చిన హోస్ట్ హెడర్‌లోంచి కాదు. దాన్ని ఎవడైనా ఏ పేరుతోనైనా పంపగలడు, అప్పుడు మీ యాప్ వాడి డొమైన్‌తోనే రీసెట్ లింకు కట్టి మీ కస్టమర్‌కు మెయిల్ చేస్తుంది.