ఇంటిపేరు స్ట్రోబ్

గేటు పక్కన ఇంటి పేరు బోర్డు వెలిగితే సరిపోవడం లేదు మనకి. చిందులు వెయ్యాలి. పాలరాతి పలకలు పోయి, చెక్కిన గాజుకి అడుగున ఎల్‌ఈడీ పెట్టే రోజులొచ్చాయని మురిసిపోయినంతసేపు పట్టలేదు, 24 బటన్ల రిమోట్ వచ్చి కూర్చుంది.

నిజానికి ఆ గాజు పనంతా గుట్టు మీదే నడుస్తుంది. అంచులోంచి దూరిన వెలుగు నున్నటి ముఖాలకి ఏటవాలుగా తగిలి, బయటపడే దారిలేక లోపలే పరిగెడుతుంది. గరుకు చేసిన చోట మాత్రం చెదిరి మన కంటికి చేరుతుంది. వెలిగేది అక్షరమే, పలక కాదు. (వేలిముద్ర కూడా వెలుగుతుంది, తుడవండి.) కావలసింది 8 మిల్లీమీటర్ల గాజు, అద్దంలా పాలిష్ పట్టిన అంచు, మీటరుకు 120 దీపాలున్న 12 వోల్టుల తెల్ల స్ట్రిప్. మామూలు రకమైతే రెండడుగుల బోర్డుకి ఆరు వాట్లు కూడా దాటదు, ఒక ఆంపియర్ అడాప్టర్ చాలు. వినెగర్ వాసనొచ్చే సిలికాన్‌తో అతికించారా, అది స్ట్రిప్‌లోని రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగాలి. అంతే పని. కానీ ఇంత తక్కువలో తేలిపోతే బావమరిది ఊరుకుంటాడా? రంగుల స్ట్రిప్ తెస్తాడు. మీటరుకు 60 దీపాలే, అందుకే అక్షరాల కాళ్ళ దగ్గర చారలు.

గృహప్రవేశం సాయంత్రం చూడాలి ఆ వైభవం. బోర్డు మీద "శ్రీలక్ష్మీ నిలయం". ఫాంటుని కర్వ్స్‌గా, అంటే వట్టి గీతల బొమ్మగా, మార్చకుండా స్టిక్కర్ కోసే ప్లాటర్‌ మిషన్‌కి పంపారు కనక లక్ష్మి వత్తులన్నీ రాలిపోయి, పొల్లులతో నిలబడింది. అక్షరాల అచ్చుగా గాజుకి అంటించే ఆ స్టిక్కర్‌ని తిరగేసి కోసి గాజు వెనకవైపు చెక్కాలన్న సంగతి సగమే గుర్తుంది: తిరగేశారు, ముందువైపు చెక్కారు. ఇప్పుడు ఆ పేరు ఇంట్లోవాళ్ళకే తిన్నగా కనిపిస్తుంది.

ఎరుపు నొక్కితే వాకిలి ఎమర్జెన్సీ వార్డు. ఆకుపచ్చ నొక్కితే మందుల షాపు.

"బావా, స్ట్రోబ్ నొక్కు!"

బావ ఆ టపటప మెరిపించే బటన్ నొక్కాడు. లక్ష్మి గిలగిల కొట్టుకుంది. ఇరుకు సందు కదా, ఎదురింటి బోర్డు కూడా కొట్టుకుంది. చవక కంట్రోలర్లకి రిమోట్ సంకేతాలు చాలావరకు ఒకటే మరి. ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టి తన రిమోట్‌తో వచ్చి నీలం నొక్కాడు, రెండిళ్ళూ నీలమయ్యాయి. ఇటునుంచి పసుపు, అటునుంచి ఊదా. "నాయనా, ఆ దీపాలు కాస్త ఆపండి, గడప కనబడట్లేదు" అన్నారు పంతులుగారు. ఆపారు. ఎదురిల్లూ ఆరిపోయింది. ఎదురింటావిడ అలిగి, భోజనానికి రానంది.

ఈ బోర్డుకి బేరమాడినప్పుడు కోత ఎక్కడ పడిందంటారు? రిమోట్ మీద కాదు, బ్లాస్టింగ్ మీద, అంటే గాలి ఒత్తిడితో రజను కొట్టి గాజుని గరుకు చేసే పని మీద. అల్యూమినియం ఆక్సైడ్ రజను ఖరీదని ఇసుక పోశారు. గాలిదెబ్బకి పగిలిన ఇసుక నుంచి లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్, దాన్ని నయం చేసే మందు లేదు. ఇసుకతో బ్లాస్టింగ్ నిషేధించాలని పనివాళ్ళ ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1974లోనే సిఫారసు చేసింది. మనం గాజు చెక్కే కుర్రాడి ముక్కుకి కర్చీఫ్ కట్టాం. కర్చీఫ్! ఆ దుమ్ముని కర్చీఫ్ ఆపుతుందా? బ్లాస్టింగ్ కాకపోతే యాసిడ్. పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చేతిమీద పడితే వెంటనే మంట కూడా తెలియదు. గంటలు గడిచాక ఎముకదాకా తొలిచేస్తుంది. ఆ గాయానికి రాసే మందు, కాల్షియం గ్లూకోనేట్ జెల్, దగ్గర పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయకూడదు. ఆ ట్యూబు కొనమంటే ఓనరుకి దండగ ఖర్చు, అడగాలని మనకి తోచదు. పైగా ఆ కుర్రాడి కూలిలో వంద తగ్గించమని అరగంట గీచిగీచి బేరమాడతాం. సిగ్గుండక్కర్లేదూ!

రిమోట్‌కి మాత్రం బిళ్ళ బ్యాటరీ ఒకటి అదనంగా ఇచ్చారు. ఫ్రీ.