బీచ్ రోడ్డు నక్షాలో నడక దారేదీ?

విశాఖ బీచ్ రోడ్డును భీమిలి దాకా వెడల్పు చేయాలన్న మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని దానికి ఊపు వచ్చింది. నాలుగు లేన్లా, ఆరు లేన్లా అన్నదానిపైనే చర్చంతా. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు ఆ లెక్కలోకి రావడం లేదు. రోడ్డు వేశాక మిగిలిన చోట ఫుట్‌పాత్ వేస్తారులే అనుకోవడానికి లేదు. మన ఊళ్లలో అలా మిగిలిన చోటులోకి ముందు టీ బండి వస్తుంది, తర్వాత కార్లు చేరతాయి, ఆపైన ఫ్లెక్సీ లేస్తుంది. విస్తరణ నక్షా గీసేటప్పుడే నడకకూ సైకిలుకూ కలిపి ఒక దారి గీయాలని, వాహనాల లేన్లు ఆ తర్వాతే తేల్చాలని మేం కోరుతున్నాం.

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సుమారు పాతిక కిలోమీటర్లు. కైలాసగిరి కింది నుంచి రుషికొండ, మంగమారిపేట మీదుగా సాగే ఈ ఒడ్డు లాంటిది దేశంలో ఎన్ని నగరాలకు ఉంది? పక్కనే తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల విహారం, వాళ్లు రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. చివర 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలి. ఓపిక ఉన్నవాళ్లు ఒక్కరోజులో నడిచేస్తారు. లేనివాళ్లు సగం నడిచి 900కె బస్సెక్కవచ్చు.

ఇక గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయం దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పావురాళ్లకొండ ఎక్కితే సముద్రమూ నదీ రెండూ ఒకే చూపులో పడతాయి. కిందికి దిగి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కాసేపు నిలబడాలి. వేసవిలో ఇసుక మేట వేసి నది ఇరుకవుతుంది. పోటు మీద ఉప్పునీరు లోపలికి ఎదురెక్కుతుంది, ఆటు మొదలయ్యాక అదే నీరు వెనక్కి జారుతుంది. వానల తర్వాత చూస్తే మట్టినీళ్లు సముద్రంలోకి చాలా దూరం గోధుమరంగు చారలా కనిపిస్తాయి. కారు అద్దంలోంచి ఇవేవీ అందవు. వంతెన దాటడానికి పట్టేది అర నిమిషం.

దారి అంటే ఒడ్డు పొడుగునా కాంక్రీటు పోయడం కాదని అధికారులు గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని ఏం చేసిందో నగరం మరిచిపోలేదు. అలలకు దగ్గరగా కట్టినదాన్ని సముద్రం ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. వెనక్కి జరిగి, సరుగుడు తోటల నీడలో గట్టి మట్టి దారి వేస్తే చాలు. ఇసుక వైపు దీపాలు అసలే వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు చూసి సముద్రమనుకుని రోడ్డు మీదికి వస్తాయి. సెల్ఫీ పాయింట్ల మీద, ‘ఐ లవ్’ అక్షరాల మీద పెట్టే డబ్బును తాగునీటి కుళాయిలకు, మరుగుదొడ్లకు మళ్లిస్తే జనం దండం పెడతారు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం దారి అంచు వరకే రావాలి. జియలాజికల్ సర్వే 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటది. వేల ఏళ్లుగా గాలి పేర్చి, వాన కోసిన మట్టి. నాలుగు వందల జతల చెప్పులు రోజూ ఎక్కి దిగితే కరిగిపోతుంది. 2024లో అక్కడ యంత్రాలతో చదును చేస్తున్నారని గొడవ లేచాక గానీ యంత్రాంగం కదల్లేదు. నడక దారి పేరుతో మరో తలుపు తెరవకూడదు.

జాలర్లకు చెప్పకుండా ఒక్క గజం కూడా కొలవకూడదు. మంగమారిపేటలో, చేపలుప్పాడలో ఒడ్డంటే పడవలు నిలిపే చోటు, వలలు బాగుచేసుకునే చోటు, చేపలు ఎండబెట్టుకునే చోటు. ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగుతున్నంతసేపు దారి వాళ్లదే. వాకింగ్‌కు వచ్చినవాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదంటే నిలబడి చూడాలి. ఎండుచేపల వాసన మీద ఫిర్యాదులు తీసుకోబోమని ముందే బోర్డు పెడితే ఇంకా మంచిది!

అందరూ వాడే దారిలో తగువులూ ఉంటాయి. నలుగురు స్నేహితులు అడ్డంగా నడుస్తుంటారు, వెనక సైకిలువాడు బెల్లు కొట్టీ కొట్టీ విసుగెత్తిపోతాడు. సైకిలు నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి, నడిచేవాళ్లు ఎడమ పక్కకు ఒదగాలి. పెద్ద బెడద బైకులు. వాటిని ఆపే స్తంభాలు చక్రాల కుర్చీ పట్టేంత ఎడంగా ఉండాలి, ఆ సందులోంచి దూరే బైకుకు జరిమానా పడాలి. పొద్దున్నే నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర వాహనాలను ఆపడానికి మొదట్లో ఎంత టెన్షన్ పడినా, ఇప్పుడు జనం దానికి అలవాటుపడ్డారు.

బ్రిటన్‌లోని వేల్స్ 2012లో తన తీరం పొడుగునా సుమారు 1,400 కిలోమీటర్ల కాలిబాట తెరిచింది. అందులో చాలా భాగం పాత బాటలే. వాటిని కలిపి గుర్తులు పెట్టారు. మనం అడుగుతున్నది పాతిక కిలోమీటర్లు. భీమిలి మొగ నుంచి ఎర్రమట్టి దిబ్బల అంచు దాకా మొదటి ముక్కను వచ్చే శీతాకాలానికి సిద్ధం చేయవచ్చు. దానికి కొత్తగా భూసేకరణ పెద్దగా అక్కర్లేదు. విస్తరణ ప్రాజెక్టు నివేదికను తెలుగులో అచ్చువేసి, టెండర్లు పిలవకముందే భీమిలిలోనూ జాలరిపేటల్లోనూ జనం ముందు పెట్టాలి.