వెయ్యికి తక్కువైతే ప్లేటు తడవదు

మా మేనకోడలు వేసిన గేదె బొమ్మ ఇంట్లో అందరికీ నచ్చింది. సాయంత్రం ఎండ, నెమలికంఠం రంగు చెరువు, కడుపు దాకా మునిగిన గేదె, దాని వీపు మీద ఓ కొంగ. నచ్చడంతో ఆగిపోతే ఏ గొడవా ఉండేది కాదు. స్నేహితురాలెవరో "దీని ప్రింట్ ఇస్తే కొనుక్కుంటానే" అందట. అంతే, ఏ3 సైజులో, అంటే ఏ4 కాగితానికి రెట్టింపులో, 20 ప్రింట్లు తీయించి ఎగ్జిబిషన్‌లో అమ్ముతానని కూర్చుంది. స్కూటర్ ఉన్న పాపానికి నేను తోడు.

విజయవాడలో ప్రింటింగుకి కరువేమిటే అన్నాను. గవర్నరుపేటలో రాయి విసిరితే ప్రెస్సు మీదే పడుతుంది. ఆ మాట నిజమే. కరువల్లా బొమ్మని బొమ్మలా వదిలేసే మనిషికి.

వీధి చివరే కదా అని ముందు ఫ్లెక్సీ షాపుకి వెళ్ళాం. "వాట్సాప్ చెయ్యండి మేడమ్" అన్నాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు, తల ఎత్తకుండానే. ఫోటోగా పంపితే అది కుదించేస్తుందనీ, ఏ3 కాగితం మీద 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, రావాలంటే 4961 బై 3508 పిక్సెళ్ళు ఉండి తీరాలనీ, అందుకని డాక్యుమెంటుగా పంపుతాననీ మా పిల్ల వివరించబోయింది. "మేం నలభై అడుగుల కటౌట్లే వాట్సాప్ ఫోటోతో లేపేస్తాం మేడమ్" అన్నాడు. రోడ్డు అవతలి నుంచి చూసే కటౌట్‌కి అది చెల్లుతుంది. చేతిలో పట్టుకు చూసే బొమ్మకి ఎలా చెల్లుతుందని మేం అడిగేలోపు అతనికి ఫోనొచ్చింది.

మర్నాడు సాయంత్రం వెళ్తే శాంపిల్ సిద్ధంగా ఉంది. గేదె తెల్లగా ఉంది.

"ఫేస్ డల్‌గా ఉంటే కొంచెం గ్లో ఇచ్చా సార్" అన్నాడు. అతన్ని అనడానికి లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ కార్పొరేటర్ల మొహాలు తెల్లబరిచే చెయ్యి, గేదె వచ్చిందని ఆగుతుందా? ఆకాశం ఖాళీగా ఉందని బంతిపూల దండ వేలాడదీశాడు. కింద నీళ్ళలో ఐదు గుండ్రాలు గీసి, "ఇందులో మీవాళ్ళ ఫోటోలు పెట్టుకోవచ్చు" అన్నాడు. పక్కన 'శుభాకాంక్షలతో' అని రాసి, పేరుకి జాగా కూడా వదిలాడు. కొంగని మాత్రం ముట్టుకోలేదు, అది ముందే తెల్లగా ఉంది కాబట్టి.

తర్వాత ఫోటో ల్యాబు. అక్కడ రంగులు బాగానే వచ్చాయి గానీ వాళ్ళ కాగితం 12 బై 18 అంగుళాలు. ఏ3 కొలత వేరు, దీని కొలత వేరు. కాగితం నిండా రావాలంటే బొమ్మలో ఓ పక్క కోత పడాలి. తెల్ల అంచు వదిలితే సరిపోయేది. కానీ "వైట్ కనపడితే కస్టమర్లు ఒప్పుకోరు సార్" అని పైనుంచి అంగుళం లోపు కోసేశారు. సరిగ్గా ఆ అంగుళంలోనే కొంగ తల ఉంది. గేదె వీపు మీద మొండెం నిలబడి ఉంటే ల్యాబాయన "నేచురల్‌గా వచ్చింది" అని మెచ్చుకున్నాడు.

ఆన్‌లైన్ కంపెనీల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మనం బొమ్మ ఎక్కిస్తే చాలు, ఆర్డరు వచ్చినప్పుడు వాళ్ళే ముద్రించి, వాళ్ళే పంపి, వాళ్ళ ఖర్చు పోను మన లాభం మనకిస్తారు. వినడానికి హాయిగా ఉంటుంది. శాంపిల్ తెప్పించాం. ముద్రణకి వంక పెట్టడానికి లేదు. కాకపోతే మా గేటు ఊచల మధ్య పట్టడం లేదని కొరియర్ అబ్బాయి గొట్టాన్ని మోకాలికేసి వంచి లోపలికి తోశాడు. మడత గేదె పొట్ట మీదుగా పోయింది.

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సు ఎందుకు పెట్టుకున్నాడో, జర్మనీ నుంచి పనివాళ్ళని ఎందుకు రప్పించుకున్నాడో నాకు ఆ గేటు దగ్గర తెలిసొచ్చింది. మన అమ్మమ్మల పూజగదుల్లో లక్ష్మీ సరస్వతులు చీర రంగు పోకుండా నిలబడ్డారంటే మధ్యలో ఫ్లెక్సీ కుర్రాడు లేకపోబట్టే.

ఇక ప్లేట్లు చేసి వేలకొద్దీ కాపీలు ముద్రించే ఆఫ్‌సెట్ ప్రెస్సు. దానికి మా అక్క కూడా వస్తానంది. అక్కడే ఉంది అసలు ముప్పు, అప్పటికి మాకు తెలీదు. ఓనరు పెద్దాయన, జేబులో చిన్న భూతద్దం. ఓ క్యాలెండర్ కాగితం మీద ఆనించి చూడమన్నాడు. దేవుడు మాయమై నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కనిపించాయి. "ఈ నాలుగే తల్లీ మా ఆస్తి. ఇవి ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జరక్కుండా కూర్చోవాలి. మా దగ్గర జరగవు" అన్నాడు.

"మరి ఈ చెరువు రంగు వస్తుందాండీ?" అంది మా పిల్ల, ఫోన్ చూపిస్తూ.

"తెర మీది రంగు వెలుతురమ్మా, మాది సిరా. అంత మెరుపు రాదు. దగ్గర్లో వస్తుంది."

"దగ్గర్లో అంటే?"

"మొన్న పెళ్ళికార్డు మీద నెమలి వేశాం. కాకికి దగ్గర్లో వచ్చింది."

నిజాయితీపరుడని నాకు గౌరవం కలిగింది. ఇరవై ప్రింట్లు అనగానే మాత్రం ఆయన మొహం మాడిపోయింది. "ఇరవైకి ప్లేటు కూడా తడవదమ్మా. ప్లేట్ల ఖర్చు ఇరవైకీ అంతే, వెయ్యికీ అంతే. వెయ్యి వేయించండి, ఒక్కోటి ఎంతకి పడుతుందో చూడండి" అని కాలిక్యులేటర్ మా వైపు తిప్పాడు. నేనూ మా పిల్లా అంకె చూసి ఊరుకున్నాం. మా అక్క ఊరుకోలేదు, పర్సులోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ చూసింది.

చివరికి సరైన మనిషి ఓ అపార్ట్‌మెంట్ సెల్లారులో దొరికాడు. బోర్డు లేదు. తొందరగా వెలవని పిగ్మెంట్ సిరాల ఇంక్‌జెట్ మెషీనొకటి, మందపాటి కాటన్ కాగితాల చుట్టలు. ఎన్ని కావాలంటే అన్నే తీస్తాడు, ఒకటైనా సరే. ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, బొమ్మలోంచి జానెడు పట్టీ మాత్రం అదే కాగితం మీద తీసి ఇచ్చాడు. చెరువు కొంచెం, గేదె చెవి, కొంగ కాళ్ళు. "ట్యూబ్‌లైటు కింద చూడకండి, రేపు పగలు కిటికీ దగ్గర అసలు బొమ్మ పక్కన పెట్టి చూసి ఫోన్ చెయ్యండి" అన్నాడు. గేదె బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ మౌనానికే సగం డబ్బులివ్వచ్చు. మిగతా సగానికి కూడా ఆయన గట్టిగానే అడిగాడనుకోండి.

ఎగ్జిబిషన్‌లో ప్రింట్లు పోతున్నాయి. "లామినేషన్ చేయించలేదేం?" అని ఒకరు, "ఫ్రేముతో కలిపి ఇదే రేటుకిస్తారా?" అని ఒకరు. మా పిల్ల ఓపిగ్గా జవాబు చెబుతోంది. అంతలో స్టాలు ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక ట్రాలీలో అక్క, ఆవిడ చుట్టూ తాళ్ళు కట్టిన కట్టలు.

"క్యాలెండర్లురా. పన్నెండు నెలలూ మన గేదే. అంత చవగ్గా వస్తుంటే వదులుకుంటామా? బంధువులందరికీ ఒకటి, మిగిలినవి ఇక్కడ అమ్ముకోండి."

"ఎన్నే?"

"వెయ్యి."

కట్ట విప్పి ఒకటి తీశాను. నీలం ఓ పక్కకి, నలుపు ఓ పక్కకి జరిగి కూర్చున్నాయి. గేదెకి నాలుగు కొమ్ములు, రెండు జతల కళ్ళు, వీపు మీద కవల కొంగలు. మా పిల్ల స్టూలు మీద కూలబడింది. ఎక్కడ దించమంటారని ఆటో అతను అడుగుతున్నాడు.

అక్క నా చేతిలోంచి క్యాలెండర్ లాక్కుని పేజీ తిప్పింది.

"జనవరి ఒక్కటేరా అలా. ఫిబ్రవరి నుంచి రెండు కొమ్ములే, చూడు."