వెతకగలిగేది ఎవరు?

(విశ్వవిద్యాలయ గ్రంథాలయం ముందు రాతిమెట్ల మీద రాత్రిళ్ళు పడుకునే అరవై ఏళ్ళ మనిషికీ, అదే విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న సంపన్న కుటుంబపు అబ్బాయికీ ఏడాదిగా సాగుతున్న చెలిమి అక్కడ చాలామందికి తెలిసినదే. దానిని స్నేహం అనవచ్చునా అన్నదే ఈ వాదం. అనవచ్చునంటున్నవారు ఆ అబ్బాయికి పాఠం చెప్పే అధ్యాపకురాలు. కాదంటున్నవారు ఇల్లు లేనివారి కోసం నైట్ షెల్టర్ నడిపే నిర్వాహకుడు. ఆ ఇద్దరు స్నేహితులనూ పిలిచారు గానీ, తమ గురించి తాము వాదించుకోవడం ఇష్టం లేక కాబోలు, వారు రాలేదు.)

నిర్వాహకుడు: మేడమ్, నేను ద్రుపదుడి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ ప్రశ్నను అంత నిర్మొహమాటంగా అడిగినవాడు నాకు తెలిసినంతలో మరొకడు లేడు. తనతో కలిసి చదువుకున్న ద్రోణుడు పేదవాడై వచ్చి మిత్రమా అని పిలిస్తే, ధనవంతుడికీ దరిద్రుడికీ చెలిమి ఎలా పొసగుతుందని అడిగి పంపించేశాడు. క్రూరమైన మాటే, కాదనను. కానీ ఆ తరువాత ద్రోణుడు చేసిందేమిటి? శిష్యుల చేత ద్రుపదుణ్ణి పట్టి తెప్పించి, సగం రాజ్యం తాను ఉంచుకుని, ఇప్పుడు సమానులం కాబట్టి స్నేహితులుగా ఉండవచ్చునన్నాడు. అవమానపడినవాడు కూడా చివరికి అవమానించినవాడి సూత్రాన్నే ఒప్పుకున్నాడన్నమాట.

అధ్యాపకురాలు: దానికి జవాబుగా నేను కుచేలుణ్ణి తీసుకువస్తానని మీరు ఎదురుచూస్తున్నట్టున్నారు. తీసుకురాను. ఆ కథలో మేడలు వచ్చేశాయి కాబట్టి, అవి రాకపోయినా ఆ స్నేహం అలాగే ఉండేదా అని అడిగేవారికి అక్కడ జవాబు దొరకదు. నేను చెప్పదలచుకున్నది ఒక డ్రాయింగు షీటు గురించి.

గ్రంథాలయం ముందున్న ఖాళీ స్థలాన్ని మళ్ళీ రూపొందించమని మా విద్యార్థులకు పని ఇచ్చాము. ఈ అబ్బాయి అందంగా గీశాడు. బెంచీలకు మధ్యమధ్య ఇనుప చేతులు కూడా పెట్టాడు. ఒక సాయంత్రం ఆ షీటు చూసిన పెద్దాయన, ఈ కడ్డీలు ఎవరూ పడుకోకుండా ఉండడానికేనా అని అడిగాడట. అబ్బాయికి ఆ సంగతే తెలియదు. ఏదో క్యాటలాగులో చూసి గీశాడు, అంతే. ఆ రోజు మొదలు నాలుగు నెలలపాటు ఆయన ఆ స్థలాన్ని చదివి వినిపించాడు: గాలివాన వస్తే జల్లు పడమటి మెట్ల మీద ఎంతవరకు వస్తుందో, అర్ధరాత్రి దాటాక నేలమాళిగ గ్రిల్లులోంచి వెచ్చని గాలి ఎంతసేపు వస్తుందో, ఏ దీపం పడుకున్నవాడి కళ్ళలో పొడుస్తుందో, మోకాళ్ళు పట్టేసిన మనిషి ఎన్నో మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఆసరా వెతుక్కుంటాడో. అబ్బాయి తప్పు గీస్తే తిట్టాడు. తిట్టించుకుని చెరిపి, మళ్ళీ గీసేవాడు. ఐదేళ్ళుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్న నాకు అందులో ఒక్క సంగతీ తెలియదని ఒప్పుకుంటున్నాను.

గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పినదేమిటంటే, భిన్న వర్గాల మనుషులు ఊరికే ఎదురుపడినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. కలిసిన ఆ సందర్భంలోనైనా ఇద్దరిదీ సమాన స్థాయి కావాలి, ఉమ్మడి లక్ష్యం కావాలి, కలిసి చేసే పని కావాలి, దానికి పెద్దల మద్దతూ కావాలి. సమానత్వం బతుకంతటిలో లేకపోయినా, ఆ షీటు ముందు ఉంది. నిజానికి అక్కడ పెద్దాయనదే పైచేయి.

నిర్వాహకుడు: నాలుగో షరతు సంగతి వదిలేస్తున్నాను, ఎందుకంటే మీ భద్రతా సిబ్బంది ఆయనను ఎన్నిసార్లు లేపి పంపించారో మీకూ తెలుసు. నా ప్రశ్న వేరు. ఆ షీటుకు బహుమతి వచ్చింది కదా, దాని మీద ఎవరి పేరుంది?

అధ్యాపకురాలు: అబ్బాయిది.

నిర్వాహకుడు: ఒక్కడిదే.

అధ్యాపకురాలు: ఇద్దరి పేర్లూ రాస్తానని అబ్బాయి అడిగాడు. ఆయనే వద్దన్నాడు. పేరు రాస్తే పక్కనే చిరునామా అడుగుతారు, అక్కడ ఏమి రాస్తావు అన్నాడట.

నిర్వాహకుడు: చూశారా, నా వాదాన్ని నా కన్నా ఆయనే బాగా చెప్పాడు. అంతరం ఉన్నచోట పైవాడికి గౌరవం, కిందివాడికి ప్రయోజనం ఎక్కువగా దక్కడమే న్యాయమని అరిస్టాటిల్ అన్నాడు. ఇక్కడ ఆ పాటి న్యాయం కూడా జరగలేదు. గౌరవమూ ప్రయోజనమూ రెండూ అబ్బాయికే వెళ్ళాయి. దీనిని స్నేహం అని పిలవగానే లెక్క అడిగే అవకాశం కూడా పోతుంది. కూలి అని ఉంటే, కనీసం నాలుగు నెలల కూలి ఎంతో తేల్చమని అడిగేవాళ్ళం.

అధ్యాపకురాలు: ఆ దెబ్బ తగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఇటువంటి సాంగత్యం ఫలితాన్ని ఒక షీటుతో కొలవకండి. లండన్ తూర్పు భాగంలోని పేదవాడలో 1884లో శామ్యూల్, హెన్రియెటా బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాల్ స్థాపించి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చదువుల యువకులను అక్కడికి తీసుకువచ్చి, పేదల ఇరుగుపొరుగున నివసించమన్నారు. 1903లో విలియం బెవరిడ్జ్ అక్కడ చేరాడు. 1909లో క్లెమెంట్ అట్లీ అక్కడ కార్యదర్శి అయ్యాడు. సామాజిక భద్రత మీద 1942లో వెలువడిన బెవరిడ్జ్ నివేదిక, 1945లో ఏర్పడిన అట్లీ ప్రభుత్వం కలిసి బ్రిటన్‌లో సంక్షేమ వ్యవస్థకు రూపం ఇచ్చాయి. ఆ వాడలో గడిపిన రోజులు లేకుండా అదంతా ఆ తీరుగానే జరిగి ఉండేదని నేను అనుకోను.

నిర్వాహకుడు: బార్నెట్ పేరు, బెవరిడ్జ్ పేరు, అట్లీ పేరు చెప్పారు. ఆ వాడలో వారికి చెలిమి పంచినవారి పేర్లలో ఒక్కటి చెప్పండి.

అధ్యాపకురాలు: (కొద్దిసేపు ఆగి) చెప్పలేను.

నిర్వాహకుడు: నేనూ చెప్పలేను; చరిత్ర కూడా చిరునామా అడుగుతుంది కాబోలు.

అధ్యాపకురాలు: సరే, పేదవారి వైపు నుంచే చూద్దాం. ఆర్థిక శాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం 2022లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని 7 కోట్లకు పైగా ఫేస్‌బుక్ వాడుకరుల స్నేహాలను పరిశీలించారు. పేద కుటుంబాలవారికి సంపన్న కుటుంబాల స్నేహితులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో పెరిగిన పేద పిల్లలు పెద్దయ్యాక మెరుగైన ఆదాయం పొందుతున్నారని తేలింది.

నిర్వాహకుడు: మా పెద్దాయనకు అరవై దాటాయి, మేడమ్. ఆయన ఇంకెప్పుడు పెద్దవాడు కావాలి? ఆయనకు కావలసింది తాళంచెవి. ఇల్లు లేనివాడికి ముందు ఇల్లు ఇవ్వండి, తాగుడు మానాకే అనీ, ఉద్యోగం వచ్చాకే అనీ షరతులు పెట్టకండి అన్న పద్ధతిని న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ మొదలుపెట్టాడు. ఫిన్లాండ్ 2008 నుంచి దానినే జాతీయ విధానంగా అమలు చేసి, ఇల్లు లేనివారి సంఖ్యను బాగా తగ్గించగలిగింది. అక్కడ ఎవరూ ఎవరితో స్నేహం చేయనక్కరలేదు. హక్కుగా రావలసినది ఒక మంచి కుర్రవాడి మనసు మీద ఆధారపడకూడదు.

అధ్యాపకురాలు: ఇల్లు హక్కుగా రావాలన్నదానిలో మీతో నాకు పేచీ లేదు, అబ్బాయి స్నేహం ఇంటికి బదులన్న మాట నేను ఎక్కడా అనలేదు. అయితే మీ అనుభవం మీదే ఒక మాట అడుగుతాను. మీ షెల్టర్ నుంచి గదులు దొరికి వెళ్ళినవారిలో తిరిగి పాత చోటికే వచ్చి కూర్చునేవారు లేరా?

నిర్వాహకుడు: ఉన్నారు. గదిలో గోడలతో మాట్లాడలేక, పగలంతా మా గేటు దగ్గరే గడిపి, చీకటి పడ్డాక గదికి పోయేవారు ముగ్గురున్నారు.

అధ్యాపకురాలు: వారికి ఏ ప్రభుత్వం ఏ పత్రం రాసి ఇవ్వాలి? మీరు మెచ్చుకున్న పద్ధతి గొప్పదనమంతా షరతు పెట్టకపోవడంలోనే ఉంది కదా. ఈ అబ్బాయి కూడా ఏడాదిలో ఒక్కసారైనా తాగుడు మానమని గాని, పని వెతుక్కోమని గాని ఆయనతో అనలేదు. నేనైతే మొదటి వారంలోనే అనేదాన్ని.

నిర్వాహకుడు: అనలేదు, నిజమే, అది నాకూ ఆశ్చర్యమే. అయినా నా అసలు అభ్యంతరం ఇంకా చెప్పనే లేదు. ఆయన ఎక్కడ ఉంటాడో అబ్బాయికి ఎప్పుడూ తెలుసు. మనసైన రోజు వస్తాడు, పరీక్షలుంటే మానేస్తాడు, సెలవులకు రెండు నెలలు ఊరు వెళ్ళిపోతాడు. ఆ రెండు నెలలూ పెద్దాయన చేయగలిగినదేముంది? హాస్టలు గేటు దాటనివ్వరు, చేతిలో ఫోను లేదు, కబురు పంపడానికి మనిషి లేడు. వెతకగలిగేది ఒక్కరే, దొరకవలసినది మరొకరే. వదిలిపోయే స్వేచ్ఛ, వెతికే శక్తి రెండూ ఒకే పక్షాన ఉన్నప్పుడు రెండో పక్షానికి మిగిలేది నిరీక్షణ. అలా ఎదురుచూసేవాడిని స్నేహితుడనడానికి నాకు నోరు రాదు.

అధ్యాపకురాలు: వదిలిపోయే స్వేచ్ఛ ఆయనకు లేదని ఎలా అంటారు? పోయిన నెలలో ఆయన ఆరు రోజులు ఆ మెట్ల మీద కనిపించలేదు. అబ్బాయి నా క్లాసులు మానేసి వెతికాడు.

నిర్వాహకుడు: ఆ ఆరు రోజులూ ఆయన మా దగ్గరే ఉన్నాడు. జ్వరం. ఇది ఆయన అనుమతితోనే చెబుతున్నాను. అబ్బాయికి కబురు చేయనా అని మొదటి రోజే అడిగితే వద్దన్నాడు. ఎందుకని అడిగితే, నేను వాడి కోసం వెతకలేను కదా, ఒకసారి వాడినే వెతకనీ అన్నాడు.

అధ్యాపకురాలు: అబ్బాయి మీ దగ్గరకు రాలేదా?

నిర్వాహకుడు: నాలుగో రోజు రాత్రి వచ్చి తలుపు కొట్టాడు. లోపల ఎవరున్నారో బయటివారికి చెప్పకూడదన్నది మా నియమం కాబట్టి ఏమీ చెప్పకుండా పంపించేశాను.

అధ్యాపకురాలు: వచ్చి వెళ్ళాడని పెద్దాయనకైనా చెప్పారా?

నిర్వాహకుడు: దానికి నియమమేమీ అడ్డు లేదు. చెప్పాను.

అధ్యాపకురాలు: ఏమన్నాడు?

నిర్వాహకుడు: ఇంకో రెండు రోజులు అన్నాడు, మేడమ్. అని, అటు తిరిగి పడుకున్నాడు.