‘ఫ్రీ సర్వీసు’ ఖర్చు ఎవరిది?

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో విదేశీ చదువుల కన్సల్టెన్సీ మెట్లెక్కితే గోడ నిండా వీసా వచ్చిన పిల్లల ఫొటోలు. పక్కనే ‘మా సర్వీసు పూర్తిగా ఫ్రీ’ అని బోర్డు. పట్టాదారు పాసుపుస్తకం సంచిలో పెట్టుకొచ్చిన తండ్రికి ఆ మాట కొండంత ఊరట. మరి ఆ ఆఫీసు అద్దె, ఏసీ బిల్లు, జీతాలు ఎవరిస్తున్నట్టు? చాలాచోట్ల యూనివర్సిటీలే. చేరిన ప్రతి విద్యార్థికీ లెక్కగట్టి, ఆ పిల్లాడు కట్టిన ఫీజులోంచే కమీషన్ పంపుతాయి.

అమెరికాలో తమ దేశపు విద్యార్థుల్ని చేర్పించినందుకు ఇలా తలకింత అని ఇస్తే కుదరదు. ప్రభుత్వ విద్యార్థి సాయం అందుకునే కాలేజీలకు చట్టమే అడ్డుపడుతుంది. అదే చట్టం, బయటి దేశాల్లో ఉన్న విదేశీ విద్యార్థుల దగ్గరికొచ్చేసరికి మినహాయింపు ఇచ్చింది. ఇంట్లోవాళ్లకు పనికిరానిది పొరుగువాళ్లకు వడ్డించవచ్చన్నమాట!

2023-24లో అక్కడ చదివిన మన దేశ విద్యార్థులు 3.31 లక్షల మంది. వారిలో 1.96 లక్షల మందికి పైగా పీజీ, పీహెచ్‌డీ స్థాయివారే. పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లకు సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి బ్యాంకు అప్పే దిక్కు. సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ డబ్బుతో తిండి, అద్దె గడిస్తే గొప్ప. ఇక కొన్ని ఆఫర్ లెటర్లలో మెరిసే ‘స్కాలర్‌షిప్’ సంగతి. ఎవరో దాత ఇచ్చిన సొమ్మనుకుంటాం. నిజానికది ఫీజులో తగ్గింపు, అంతే. మన ఆషాఢం సేల్ లాంటిదే.

2024-25లో ఆ పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్య దాదాపు 1.78 లక్షలకు పడిపోయింది. సీట్లు నింపుకోవాలన్న టెన్షన్ ఇప్పుడు యూనివర్సిటీలది. ఏజెంట్ల మీద ఒత్తిడి పెరిగితే అది చివరికి మన పిల్లల మీదే పడుతుందని మా భయం.

కన్సల్టెన్సీలన్నీ మోసమని మేం అనడం లేదు. డబ్బు ఎటునుంచి వస్తోందో దాచడమే తప్పంటున్నాం. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ పిల్లల విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. పని అక్కడే మొదలుపెట్టవచ్చు. ఆ దరఖాస్తులో ఇంకో గడి చేర్చాలి: ఏ ఏజెంటు చేర్పించాడు, అతనికి యూనివర్సిటీ ఇచ్చేదెంత? నింపాల్సింది విద్యార్థి కాదు, సంతకంతో సహా ఆ ఏజెంటే.